సెకనుకు ఏడు వందల ఎనభై మీటర్లు

కంపెనీ వెళ్ళిపోయిన నలభై ఒకటో ఏడు
పుబ్బ కార్తె, నాలుగో రోజు

కొత్త తూటాలు పది కాల్చాం. గాలి లేదు, మబ్బు లేదు. తుపాకి పట్టింది మా తమ్ముడు మద్దిలేటి. కొలతలు తీసింది నేను, వెంగమ్మ, కొర్రమిట్ట సంఘం వారి తూటాల పరీక్షాధికారిని. అధికారిని అన్న మాటే గానీ అధికారం ఏమీ లేదు. గుట్ట వెనక ఒక రేకుల పాక, ఒక గడియారం, రెండు కళ్ళు, ఈ పుస్తకం ఉన్నాయి.

కళ్ళంటే నావి కావు. పట్నంలో మూతపడిన పెద్ద అంగడి తలుపులకు ఉండేవి. మనిషి రాగానే చూసి తలుపు తెరిచేవట. వాటిని నాలుగు మీటర్ల ఎడంతో రెండు కొయ్యలకు బిగించాం. గుండు మొదటి కన్ను దాటగానే గడియారం మొదలవుతుంది, రెండోది దాటగానే ఆగుతుంది. దాన్ని బట్టి వేగం కడతాను. తరవాత రెండు వందల మీటర్లు నడిచి, కాగితం మీద చిల్లులు ఎక్కడ పడ్డాయో చూసి వస్తాను.

మాకు కావలసిన వేగం సెకనుకు 780 మీటర్లు. పది అటూ ఇటూ అయినా పరవాలేదు. 770 కంటే తగ్గితే మా పంట ఎత్తుకుపోయే యంత్రం కోతమ్మ కంటి అద్దం పగలదు. 800 దాటితే మా ముసలి తుపాకి తట్టుకోదు.

ఈ రోజు వచ్చినవి: 742, 768, 821, 790, 755, 803, 779, 812, 760, 780. పదిలో మూడే పనికొచ్చేవి. నాలుగు నీరసం, మూడు ప్రమాదం. కాగితం మీద చిల్లులన్నీ చుట్టి గీత గీస్తే చేటంత అయింది. కోతమ్మ కన్ను గంజి తాగే గిన్నెంత ఉంటుంది.

తీర్పు: ఈ తూటాలు పనికిరావు.

పుబ్బ కార్తె, ఆరో రోజు

సంఘం పెద్ద ఓబులేసు పాకకు వచ్చాడు. తలపాగా కొత్తది. నా పుస్తకం తీసుకుని చాలాసేపు చూశాడు.

"సగటు ఎంతొచ్చింది వెంగమ్మా?"

"ఏడు నూర్ల ఎనభై ఒకటి."

"మనకు కావాల్సింది?"

"ఏడు నూర్ల ఎనభై."

"మల్ల ఇంకేం కావాల! ఒకటి ఎక్కువే వచ్చింది కదా. పనికిరావని రాసినావేంది?"

"ఓబులేసన్నా, నీ పెద్ద కోడలు కూరలో ఉప్పెయ్యదు. చిన్న కోడలు రెండింతలు ఏస్తాది. సగటున నీ కూర బాగుంటాదా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "రెండూ కలుపుకుని తింటా," అన్నాడు.

"తుపాకి కలుపుకోదన్నా."

సాయంత్రానికి సంఘం గోడ మీద ప్రకటన అంటించారు: "వేగ పథకం కింద తయారైన తూటాలు అవసరానికి మించిన సామర్థ్యం చూపాయి."

ఇందులో అబద్ధం ఏదని అడిగితే నేను చెప్పలేను. ఒకటి మించింది కదా.

పుబ్బ కార్తె, పదకొండో రోజు

తూటాలు కూర్చే హుసేనక్క దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆమె చేసిన తూటాలే కాలుస్తున్నాం. మొదటి కోతమ్మనూ రెండో కోతమ్మనూ ఆపింది ఆమె తూటాలే. మిగిలింది మూడోది ఒక్కటే. ఇన్నేళ్ళలో ఆమె చేతి తూటాలకు నేను పనికిరావని రాయడం ఇదే మొదలు.

పాత బడి గదిలో బల్లల చుట్టూ ఆరుగురు కూర్చుని పని చేస్తున్నారు. చెంచాతో మందు ఎత్తుతున్నారు, ఇత్తడి గొట్టంలో పోస్తున్నారు, గుండు పెట్టి నొక్కుతున్నారు. ఒకరి చెంచాలో మందు గుట్టగా ఉంది, ఇంకొకరిది చదునుగా ఉంది. గొట్టాలన్నీ ఒకే గంపలో కలిపేశారు. నాలుగుసార్లు కాల్చినవీ పధ్నాలుగుసార్లు కాల్చినవీ పక్కపక్కనే ఉన్నాయి.

హుసేనక్క మూలన ముక్కాలి పీట మీద ఊరికే కూర్చుని ఉంది. ఇప్పుడామె పర్యవేక్షకురాలట.

"త్రాసు ఏదక్కా?"

"తీసకపాయిరి. దినానికి ఇరవై చేస్తాంటినా, వేగ పథకమంట, నూరు కావాలనిరి. ఒక్కో తూటాకు మందు తూకం ఏస్తే నూరు యాడ అయితాయి? ఆలస్యానికి మూలకారణం కనిపెట్టల్లని ముగ్గురొచ్చి మూడు దినాలు కూకోని చూసిరి. మూలకారణం త్రాసంట. దానికి చీటీ అంటించి ఆపీసులో పెట్టినారు."

"నువ్వేమీ అనలేదా?"

"అంటి. కంసాలి కొలిమిలో గురిగింజంత తూకం తప్పితే బంగారం పోతాది, ఈడ పోయేది కండ్లు అంటి. 'పాతకాలం మనిషివి, నీ అనుభవాన్ని గౌరవిస్తాం' అనిరి. గౌరవించి ఈ పీట ఇచ్చిరి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆమె వేళ్ళ కొసలు మందు అంటి నల్లగా ఉండేవి. ఇప్పుడు తెల్లబడ్డాయి.

ఉత్తర కార్తె, మూడో రోజు

రెండో విడత ఇరవై కాల్చాం. వేగాలు 731 నుంచి 826 దాకా వచ్చాయి. కాగితం మీద ఈసారి చేట కూడా చాల్లేదు. తీర్పు రాసి పంపాను.

సంఘం వెంటనే చర్య తీసుకుంది. గిన్నెంత ఉన్న నల్ల చుక్కను పళ్ళెమంత చేసింది. ఆ పళ్ళెంలో ఇరవైకి ఆరు పడ్డాయని చెబితే చుక్కను తాంబాళమంత చేసింది. పధ్నాలుగు పడ్డాయి. "రెండు వారాల్లో గురి రెట్టింపుకు మించి మెరుగుపడింది," అని గోడ మీద రాశారు.

"కోతమ్మ కన్ను పెరగలేదు కదన్నా," అన్నాను ఓబులేసుతో.

"జనం ధైర్యం పెరిగింది కదా," అన్నాడాయన.

ఈ యంత్రం గురించి తెలియని వాళ్ళు ఎప్పుడైనా ఈ పుస్తకం చదివితే, వాళ్ళ కోసం రాస్తున్నాను. కోతమ్మ, కంపెనీ వాళ్ళు పోతూ పోతూ ఆపడం మరిచిపోయిన కోత యంత్రం. మేడంత ఎత్తు, ఎండతో నడుస్తుంది. కొర్ర పండిన వాసన తగలగానే చిత్త కార్తెలో తూర్పు రోడ్డు మీద వస్తుంది. మా తాతలు వేలిముద్రలు వేసిన ఒప్పందం ప్రకారం పంట కోసి, కడుపులో నింపుకుని, అరవై కిలోమీటర్లు మోసుకెళ్ళి గోదాములో దింపుతుంది. ఆ గోదాము ముప్పై ఏళ్ళ కిందటే రిజర్వాయరులో మునిగింది. కోతమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గట్టు మీద నిలబడి గింజలన్నీ నీళ్ళలో పోసి వెళ్ళిపోతుంది. అక్కడి చేపలు మాకంటే బాగున్నాయని విన్నాను.

మనిషి వంద మీటర్ల లోపలికి వెళితే పురుగుమందు కొడుతుంది. పంట తినేదాన్ని పురుగు అంటారని దానికి నేర్పారు. మేం పంట తింటాం.

పోయినేడు మూడింట రెండు వంతులు తీసుకుపోయింది. ఎండాకాలమంతా చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నాం. గురి చూస్తుండగా దాని మందు పడి మద్దిలేటి ఎడమ కన్ను పోయింది కూడా పోయినేడే.

ఉత్తర కార్తె, ఎనిమిదో రోజు

మూడో విడత మొదలుపెట్టాం. నాలుగో తూటా పేలినప్పుడు చప్పుడు తేడాగా వచ్చింది. వేగం 847. పాత ఇత్తడి గొట్టం మధ్యలో చీలి, వేడి పొగ వెనక్కి తన్నింది. మద్దిలేటి తుపాకి వదిలేసి రెండు చేతులతో మొహం పట్టుకుని బోర్లా పడ్డాడు.

పరిగెత్తాను. చేతులు తీయమంటే తీయడు.

"రేయ్, కనపడతాందా? చెప్పరా!"

"అరవద్దక్కా. నీ ముక్కుపుల్ల కనపడతాంది."

కుడి కన్నుకు బెత్తెడు కింద చెంప అంతా కమిలింది. తేనె రాశాను. రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాస్తున్నాను. వాడు నా మణికట్టు పట్టుకుని తనే పూసుకున్నాడు. వాడికి మిగిలింది ఆ ఒక్క కన్నే. దాంతోనే గురి చూడాలి, దాంతోనే బతకాలి.

పరీక్షలు ఆపేశాను. "గొట్టం చీలింది, కాల్చిన మనిషికి కాలింది" అని రాసి పంపాను. సంఘం దాన్ని సరిదిద్ది తిరిగి పంపింది: "కాల్చిన వ్యక్తికి స్వల్ప ఉష్ణానుభవం కలిగింది."

మద్దిలేటికి చదివి వినిపించాను. "అనుభవం మంచిదే కదక్కా," అన్నాడు.

ఉత్తర కార్తె, పన్నెండో రోజు

ఈ రోజు నేను చేసినది రాయాలి.

ఓబులేసు ధ్రువపత్రం తీసుకుని వచ్చాడు. నాలుగు వందల తూటాలు పరీక్షించామనీ, గురికీ వేగానికీ భరోసా అనీ అందులో ఉంది. కింద నా పేరు, పక్కన ఖాళీ.

"పెట్టను," అన్నాను.

ఆయన కోప్పడలేదు. పాక గడప మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అలా చూస్తే ముసలివాడయ్యాడనిపించింది.

"నువ్వు పెట్టకుంటే జనం రేపే కొడవండ్లు పడతారు. పచ్చి కొర్ర కోస్తే నాలుగో వంతు పొట్టే. విత్తనానికి ఒక్క గింజ పనికిరాదు. వచ్చే ఏడు ఏం చల్లుకుంటాం? పోయినేడు చింతగింజలు తిన్యాం. ఈసారి పంట మొత్తం ఇంటికి తెస్తానని ఊరి మధ్యలో నిలబడి చెప్పినా. నా మాట పోతే పోనీ. వాళ్ళ ధైర్యం పోతే ఎవరు తెచ్చిస్తారు? నువ్వా?"

విత్తనం సంగతి నిజం. పొట్టు సంగతీ నిజం. తూటాల సంగతి ఒక్కటే అబద్ధం. మూడింటిలో రెండు నిజాలుంటే సగటు బాగానే ఉన్నట్టు తోచింది నాకు ఆ క్షణాన.

సంతకం పెట్టాను.

హస్త కార్తె, రెండో రోజు

పక్కింటి ఈరమ్మకు నెలలు నిండాయి. దుత్తెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"నీ సంతకం ఉందంట కదా పిన్నీ. ఇంగ భయం లేదులే అని మా ఆయన కొడవలి సాన కూడా పట్టియ్యకుండా చూరులో దోపినాడు. పోయినేడు కాన్పు పోయింది కదా, తినేకి లేక. ఈసారట్ల కాదులే."

మజ్జిగ తాగలేకపోయాను. ఆమె అటు వెళ్ళగానే సంఘం ఆఫీసుకు నడిచాను. ఓబులేసు లేడు. త్రాసు ఆయన బల్ల మీదే ఉంది. కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టారు. "ఆలస్యానికి మూలకారణం" అన్న చీటీ ఇంకా దానికే ఉంది. చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. ఎవరూ అడగలేదు. అధికారులు వస్తువులు తీసుకుపోవడం అక్కడ మామూలే.

హుసేనక్క ఇంటికి వెళ్ళి త్రాసు ఆమె ముందు పెట్టాను. సంతకం సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"తెలుసు," అంది. "గోడ మీద చూస్తి. రొండు దినాలు నీతో మాట్లాడకూడదనుకుంటి. రెండోది నిన్నటితో అయిపాయ."

త్రాసు పళ్ళేలు కొంగుతో తుడిచింది. చీటీ పీకలేదు.

హస్త కార్తె, తొమ్మిదో రోజు

ఏడు రోజులు పట్టింది. గంపలోని వందల గొట్టాల్లోంచి తక్కువసార్లు కాల్చినవి, ఒకే మందం ఉన్నవి ఏరితే పదకొండు దొరికాయి. రెండింటి మూతి దగ్గర వెంట్రుకంత పగులు కనిపించి హుసేనక్క పక్కన పడేసింది. మిగిలినవి తొమ్మిది.

మందు ఒక్కో పలుకూ వేస్తూ తూచింది. ముల్లు నిలబడే దాకా ఊపిరి పీల్చదు, నన్నూ పీల్చనివ్వదు. మధ్యలో ఒకసారి తుమ్ము వచ్చి వాకిట్లోకి పరిగెత్తాను. గుండ్లు కూడా తూచింది. ఒకదానికొకటి సరిపోయిన వాటినే తీసుకుంది. ఒక రోజంతా చేసి రెండే పూర్తి చేసిన రోజు కూడా ఉంది.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, బాగున్నాయో లేదో తెలియాలంటే కాల్చాలి. కాల్చినవి మిగలవు. మిగిలినవి పరీక్షించినవి కావు.

"ఎన్ని కాలుస్తావు?" అంది హుసేనక్క.

"అయిదు."

"నాలుగే మిగుల్తాయి. మూడు కాల్చరాదా?"

"ఇంతకుముందు ఊహించి సంతకం పెట్టినానక్కా. ఇప్పుడు చూసి పెడతా."

హస్త కార్తె, పదో రోజు

778, 781, 783, 779, 780.

గడియారం చెడిందేమోనని తిప్పి కొట్టి చూశాను. చెడలేదు. కాగితం దగ్గరికి నడిచి వెళ్ళాను. అయిదు చిల్లుల మీదా నా అరచేయి పెడితే అన్నీ దాగిపోయాయి. మద్దిలేటి నా వెనకే వచ్చి చాలాసేపు చూశాడు. వాడి చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇన్నాళ్ళూ నా చేయి వణుకుతాందేమో అనుకుంటి అక్కా," అన్నాడు మెల్లగా. "ఎవురికీ చెప్పల్యా."

హస్త కార్తె, పదకొండో రోజు

కళ్ళం దగ్గర ఊరంతా చేరింది. ఓబులేసు నాలుగు వందల తూటాలకు పసుపు కుంకుమ పెట్టిస్తున్నాడు. నేను మధ్యలోకి వెళ్ళి, రెండో విడత కాగితం విప్పి పట్టుకున్నాను. చేటకు మించి పరచుకున్న చిల్లుల్లోంచి అవతలి జనం నాకు కనిపించారు.

"ధ్రువపత్రం మీద ఉండే సంతకం నాదే. దాంట్లో ఉండే మాట అబద్ధం. ఈ తూటాలు కోతమ్మను ఆపలేవు. పంట పచ్చిదైనా సరే, రేపటి నుంచి కోసుకోండి."

ఈరమ్మ మొగుడు లేచాడు.

"మల్ల ఎందుకు పెట్టినావు సంతకం?"

"భయపడి."

"ఎవురికి?"

"మీకే. కోసుకోమంటే, పంట పాడు చేయించిందని తిడతారని."

"ఇప్పుడు తిట్టమా?"

"తిట్టండి. కోసుకుంటా తిట్టండి."

తిట్టారు. రాయలేని మాటలు కూడా అన్నారు. ఓబులేసు నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు, "నువ్వు కొలిచేదానివే గానీ నడిపేదానివి కాదు," అన్నాడు. అది నిజమే అనుకుంటాను.

కానీ పొద్దు దిగేసరికి సాన రాయి చప్పుడు మొదలైంది. ముందు ఒక ఇంట్లో, తరవాత నాలుగిళ్ళలో.

చిత్త కార్తె, మూడో రోజు

అరవై రెండు ఇళ్ళలో ముప్పై ఎనిమిది కోశాయి. మిగతా వాళ్ళు సంఘం మాట నమ్మి ఆగారు. ఓబులేసు చేను కొయ్యలేదు. పెద్దమనిషి కోస్తే ఊరంతా కోసినట్టేనని ఆయన బాధ. ఆయన కోడళ్ళిద్దరూ మాత్రం గడ్డికని వెళ్ళి వెనక వైపు నుంచి సగం చేను కోసేశారు. ఉప్పు విషయంలో కలవని వాళ్ళు ఇందులో కలిశారు.

చిత్త కార్తె, నాలుగో రోజు

ఈ రోజు వేగాలు కొలవలేదు. కళ్ళు పాకలోనే ఉన్నాయి.

పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. ముందు గొంతు వినపడింది. నలభై ఏళ్ళ కిందటి తియ్యటి గొంతు: "ప్రియమైన రైతు సోదరులారా, మీ శ్రమ ఫలించిన ఈ శుభదినాన మీ సేవకు వచ్చాం. దయచేసి పక్కకు తప్పుకోండి." దారి పక్క ఉన్న మేకల మీద మందు కొట్టింది. ఆ గొంతుతోనే ధన్యవాదాలు చెప్పింది.

మద్దిలేటి బండ మీద పడుకుని తుపాకిని ఇసక సంచి మీద ఆనించాడు. పక్కన సంఘం ఇచ్చిన పెట్టె ఉంది, ధ్రువీకరించిన తూటాలు ఇరవై. దాన్ని కాలితో నెట్టేశాడు. నా గుడ్డలో కట్టుకొచ్చిన నాలుగు తీసుకున్నాడు. నేను గాలి చూడటానికి కొంగు పైకి పట్టుకున్నాను.

"ఎంత దూరం?"

"రెండు నూర్ల పది. కుడి గాలి, కొంచెం."

మొదటిది కంటి కింద రేకుకు తగిలి చిల్లు పడింది. గాలి నేను చెప్పినంత లేదు. తప్పు నాది. రెండోది అద్దానికి తగిలింది. తెల్లగా నక్షత్రంలా బీటలు వారింది గానీ పగల్లేదు. కోతమ్మ ఆగింది. కోయడం మానేసి, ఆ కన్ను మా బండ వైపు తిప్పింది.

"పురుగు ఉధృతి గమనించాం," అంది. "తక్షణ చర్య తీసుకుంటాం."

మా వైపు నడిచింది. నూట ఎనభై. నూట అరవై. ఓబులేసు, ఇంకో పదిమంది చేల గట్టు మీద నుంచి పరిగెత్తారు. నా కాళ్ళు కూడా లేచాయి. మద్దిలేటి లేవలేదు.

"కాల్చరా!"

"అట్ల ఊగుతాంటే తగల్దు. గట్టు ఎక్కేతప్పుడు ఒక్క గడియ నిలబడతాది. నువ్వు పో అక్కా."

పోలేదు. ధైర్యం ఉండి కాదు. కొంగు దించితే వాడికి గాలి తెలియదు.

నూట పది మీటర్ల దగ్గర గట్టు ఎక్కడానికి ముందు చక్రాలు ఆనించి ఆగింది. మందు వాసన మా దాకా వచ్చింది. కళ్ళు మండాయి. మద్దిలేటి ఊపిరి వదిలి, మిగిలిన సగం ఆపుకుని కాల్చాడు.

కన్ను లోపలికి కుంగిపోయింది. గొంతు "ప్రియమైన" అని మొదలుపెట్టి అక్కడే నిలిచిపోయింది. కోత పళ్ళు మాత్రం చాలాసేపు వట్టి గాలిని కోస్తూ తిరిగాయి.

మద్దిలేటి తుపాకి మీద తల పెట్టి ఏడ్చాడు. వాడి వీపు మీద చెయ్యి వేశాను. "నేనే కుడి గాలి ఎక్కువ చెప్పినా రా, నా తప్పే," అన్నాను. అందుకు నవ్వాడు.

చిత్త కార్తె, ఏడో రోజు

సంఘం తీర్మానాలు మూడు.

ఒకటి: వేగ పథకం తూటాలతో విజయం సాధించినందుకు సంఘానికి సంఘం అభినందనలు. రెండు: మిగిలిన ఒక్క తూటానూ గాజు పెట్టెలో పెట్టి, దండ వేసి, ఆఫీసులో ఉంచాలి. మూడు: ఇక పరీక్షించడానికి ఏమీ లేదు కాబట్టి పరీక్షాధికారి పదవి రద్దు.

పచ్చిగా కోసిన వాళ్ళకు నాలుగో వంతు పొట్టే వచ్చింది. ఆగిన ఇరవై నాలుగు ఇళ్ళకు నిండు గింజ దక్కింది. వాళ్ళ విత్తనం అందరూ పంచుకోవాలని అనుకున్నారు. నన్ను తిట్టడం ఇంకా మానలేదు. అయినా తింటూ తిడుతున్నారు. ఈరమ్మకు ఆడపిల్ల.

స్వాతి కార్తె, రెండో రోజు

పదవి లేకపోయినా పుస్తకం నా దగ్గరే ఉంది. రాస్తున్నాను.

ఏటి అవతలి నుంచి గంగవ్వ అనే ఆమె నాలుగు రోజులు నడిచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కోత యంత్రం కాదు, నీళ్ళ యంత్రం. వాళ్ళ బావుల్లో నీరు తోడి, ఎప్పుడో పూడిపోయిన కాలవలో పోస్తుందట. దాని కన్ను ఇంకా చిన్నది. మూడు వందల మీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వదు. ఇద్దరు చచ్చిపోయారు. అందులో ఒకరు ఆమె మొగుడు.

ఓబులేసు ఆమెను ఘనంగా ఆదరించాడు. నాలుగు వందల తూటాలూ ధ్రువపత్రంతో సహా ఊరి తరఫున బహుమతిగా ఇచ్చాడు. ఇప్పుడు కూడా ఆయనది చెడ్డ మనసు కాదు. అవి బాగున్నాయని ఆయన నమ్మడం మొదలుపెట్టాడు.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలోంచి పోతూ ఆగింది. "వెంగమ్మ అంటే నువ్వేనా తల్లీ? కాగితం మీద నీ పేరుంది. మొక్కి పోదామని వస్తి."

గంప దింపించాను. గుట్ట వెనక్కి తీసుకెళ్ళి, కొయ్యలకు కళ్ళు బిగించి, కొత్త కాగితం కట్టాను. మద్దిలేటిని కాల్చనివ్వలేదు. తుపాకిని మొద్దుకు కట్టి, తాడుతో దూరం నుంచి లాగాం. గంపలోంచి ఆమె చేతే అయిదు తీయించాను. 749, 818, 763, 797, 738. కాగితం దగ్గరికి నడిపించుకెళ్ళి చూపించాను. చిల్లులు రెండే ఉన్నాయి. ఒకటి మూలన ఉంది. మిగతా మూడు కాగితానికి తగలనే లేదు.

ఆమె వాటిని వేలితో తడిమింది.

"మల్ల ఆ సంతకం?"

"నేనే పెట్టినా. అబద్ధం పెట్టినా."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మంచివి ఉండాయా?"

"ఒకటే ఉంది. మూడు నూర్ల మీటర్లకు అది చాలదు. హుసేనక్క చేస్తాది. పన్నెండు దినాలు పడుతుంది. ఎన్ని అయితాయో ఇప్పుడు చెప్పలేను. చేసినంక సగం కాల్చి చూడల్ల."

"పన్నెండు దినాలు," అంది. ఎండిపోయిన వాళ్ళ బావులను లెక్కపెట్టుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. తరవాత గంప ఎత్తుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"ఆ అక్క ఇల్లు యాడ?"

హుసేనక్క వాకిట్లో చాప పరిచింది. గంపలోని తూటాలన్నీ దాని మీద పోశాం. గుండు ఊడదీసి, మందు వేరు చేసి, గొట్టాలు ఏరాలి. గంగవ్వకు పట్టకారు ఎలా పట్టుకోవాలో హుసేనక్క చూపించింది. మొదటి గుండు ఊడడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. రెండోది త్వరగా వచ్చింది. హుసేనక్క ఆ గొట్టాన్ని వెలుతురులోకి ఎత్తి, మూతి చుట్టూ తిప్పి తిప్పి చూసి, పక్కన పడేసింది.

"ఇంకోటి తియ్యి," అంది.